వేపనూనె స్ప్రేకి రెండు స్టార్లు, ఇయర్ బడ్‌కి ఐదు

ఈ రివ్యూ సీసా వచ్చిన మర్నాడు రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. రెండు వారాల తర్వాత రాసుంటే ఒకటి కూడా ఇవ్వబుద్ధయ్యేది కాదు. ఇప్పటికి ఐదు నెలలయింది, మొక్కలు చాలావరకు బతికాయి, నా కోపం కూడా కాస్త చల్లారింది కాబట్టి రెండు ఇస్తున్నా. అందులో ఒకటి మందుకి కాదు, స్ప్రే మూతకి. అంత సన్నటి తుంపర కొట్టే మూత నేను ఇంకెక్కడా చూడలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కొన్నది ఏంటంటే, ఇంట్లో పెంచుకునే మొక్కల కోసం అమ్మే వేపనూనె స్ప్రే, నీళ్ళు కలిపే పని లేకుండా నేరుగా కొట్టుకునే రకం. బ్రాండ్ పేరు రాయట్లేదు, రాసినా పెద్ద ఉపయోగం లేదు. ఇలాంటివి బోలెడున్నాయి, అన్నిటి మీదా ఒకటే బొమ్మ: ఓ పచ్చటి ఆకు, పక్కన వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్న పురుగు. కింద, పురుగులకీ నల్లులకీ బూజుకీ అన్నిటికీ ఇదొక్కటే చాలు అని. ఆర్కిడ్లకి కూడా వాడొచ్చు అని చిన్న అక్షరాల్లో. నేను ఆ చిన్న అక్షరాలు చూసే కొన్నా. వాటి కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఉన్నవి మాత్రం ఐదో వారానికి గానీ చదవలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది, దాని దగ్గరకి తర్వాత వస్తా.

నా దగ్గర నాలుగు ఫెలనాప్సిస్‌లు, ఒక డెండ్రోబియం ఉన్నాయి, రెండూ ఆర్కిడ్ రకాలే. అన్నీ ఒకే కిటికీ దగ్గర, ఆకుకి ఆకు రాసుకుంటూ ఉండేవి. ఆ రాసుకోవడమే కొంప ముంచింది. నాలుగో ఫెలనాప్సిస్‌ తెల్లది, వచ్చేటప్పుడే విరగబూసి వచ్చింది, కాసేపు కళ్ళారా చూసుకుని తీసుకెళ్ళి మిగతావాటి మధ్యలో పెట్టేశా. కొత్త మొక్కని కనీసం మూడు నాలుగు వారాలు వేరే గదిలో ఉంచాలని నాకు తెలుసు. తెలిసే పెట్టా. పూలతో ఉన్న మొక్కని వేరే గదిలో దాచిపెట్టడానికి మనసు ఒప్పుకోలేదు, అంతే.

మూడు వారాల తర్వాత మా అమ్మాయి, "అమ్మా, దీని పువ్వుకి చుండ్రు పట్టింది చూడు" అంది.

ఫోన్ టార్చ్ వేసి చూశా. పువ్వు ముందు వైపు ఏమీ లేదు, మచ్చలేని తెలుపు. వెనక్కి తిప్పితే, రేకులన్నీ కాడకి కలిసే చోట గుండుసూది తలంత తెల్లటి చుక్కలు ఏడో ఎనిమిదో. గోటితో గీకబోతుంటే అందులో ఒకటి నడిచింది. చాలా నెమ్మదిగా, ఎవరికీ భయపడనట్టు. కోలగా ఉంది, చుట్టూ సన్నటి మైనపు కుచ్చులు, వీపు మధ్యలో ఒక లేత బూడిద గీత, ఒళ్ళంతా పిండిలో దొర్లి లేచినట్టు. పిండినల్లి. ఇంట్లో ఆర్కిడ్లు పెంచే ప్రతి ఒక్కరి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందంటారు, మా ఇంటికి పూలతో సహా వచ్చింది.

ఆ రాత్రే స్ప్రే ఆర్డర్ పెట్టా. వచ్చిన రోజు మొక్కలన్నిటినీ బాత్‌రూమ్‌లో వరసగా నిలబెట్టి, ఆకుల పైనా కిందా, పూల వెనకా, మొదట్లో, ఒక్క చోటు వదలకుండా సగం సీసా కొట్టేశా. వేపనూనె వాసన గురించి మనకి కొత్తగా చెప్పేదేముంది, రెండ్రోజులు బాత్‌రూమ్‌లోకి వెళ్ళాలంటే ఇంట్లో అందరికీ టెన్షనే. కానీ మర్నాడు పొద్దున్న చూస్తే ఆ తెల్ల చుక్కలన్నీ తడిసి, అణిగి, గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. వేలితో తుడిస్తే ఊడి వచ్చేశాయి. అప్పుడే గనక ఎవరైనా రివ్యూ అడిగుంటే పద్యం రాసిచ్చేదాన్ని.

పన్నెండో రోజు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఏడెనిమిది కాదు, లెక్కపెట్టడం మానేశా. పక్కనున్న రెండు మొక్కలకి కూడా. కొత్తవి మరీ చిన్నవి, లేత పసుపురంగులో, మైనం ఇంకా సరిగ్గా పట్టని పిల్లలు, ఆకు మధ్య ఈనె వెంబడి బారులు తీరి.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది, అర్థమయ్యాక ఆ సీసా మీద కోపం పెరిగింది, నా మీద కూడా. ఇలాంటి స్ప్రే ఏదైనా సరే, ఒంటి మీద పడిన పురుగునే చంపుతుంది. పక్కన ఒక మిల్లీమీటరు దూరంలో సందులో దూరి కూర్చున్నదాన్ని ఏమీ చేయదు. ఈ జాతుల్లో చాలావాటి ఆడపురుగు దూదిలాంటి సంచి కట్టి అందులో గుడ్లు పెడుతుంది, ఒక్కో సంచిలో కొన్ని వందలుంటాయి. ఆ దూది మైనంతో చేసింది, నీళ్ళు అందులోకి దిగవు. మనం పైన కనపడే పెద్దవాటిని చంపేసి చేతులు దులుపుకుంటాం, గుడ్లు తాపీగా వారం పది రోజుల్లో పొదుగుతాయి. గది వెచ్చగా ఉంటే నెల తిరిగేసరికి ఆ పిల్లలే మళ్ళీ గుడ్లు పెట్టే స్థితికి వస్తాయి. అంటే ఒక్కసారి కొట్టి ఆపేస్తే, అది మందు కొట్టడం కాదు, పెద్ద తరాన్ని పంపేసి కుర్ర తరానికి చోటివ్వడం. వారానికోసారి చొప్పున కనీసం ఐదారు వారాలు వదలకుండా చేయాలి. సీసా మీద ఏం రాసుంది? "అవసరమైతే మళ్ళీ వాడండి." అవసరమైతే! ఇక్కడ అవసరం తప్ప ఇంకేమీ లేదండీ.

ఇప్పుడు ఆ చిన్న చిన్న అక్షరాల సంగతి. వేపనూనె అనగానే మనం అంతా ఒకటే అనుకుంటాం. గింజల్ని నేరుగా ఆడించి తీసిన నూనెలో అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉంటుంది, పురుగు తిండి మానేసేలా, చర్మం మార్చుకుని ఎదగకుండా చేసేది అదే. నెమ్మదిగా పనిచేస్తుంది, వెలుతురు తగిలితే, నీళ్ళలో కలిపి ఉంచితే పాడైపోతుంది, కానీ దాని పని అది చేస్తుంది. నా సీసా మీద ఉన్నది "శుద్ధి చేసిన వేపనూనె సారం". అంటే ఆ అజాడిరాక్టిన్‌ని ముందే తీసేసి, మిగిలిన నూనెని సీసాలో పోశారన్నమాట. మోసం అననులే, లేబుల్ మీద రాశారు కాబట్టి. ఆ మిగిలిన నూనె కూడా పురుగు ఊపిరి తీసుకునే రంధ్రాల్ని మూసి చంపుతుంది. కానీ నేను వేప చేదుకి పురుగులు తిండి మానేస్తాయని కలలు కంటూ కూర్చున్నా, నా సీసాలో ఆ చేదే లేదు. కాబట్టి కొనేవాళ్ళు ముందు వైపు ఆకు బొమ్మ చూడొద్దు, వెనక వైపు అజాడిరాక్టిన్ అన్న మాట, దాని పక్కన అంకె ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది వట్టి నూనె, ఆ లెక్కనే వాడుకోండి.

కంపెనీకి మెయిల్ పెట్టా కూడా. ఫోటోలు జతచేసి, ఎన్నిసార్లు కొట్టానో తేదీలతో సహా రాశా. నాలుగు రోజుల తర్వాత "మీ అనుభవానికి చింతిస్తున్నాం, మొక్క మొత్తం తడిసేలా మరోసారి వాడి చూడండి" అని జవాబొచ్చింది, కింద ఒక డిస్కౌంట్ కూపన్. ఇంకో సీసా కొనుక్కోవడానికి.

అయితే తప్పంతా సీసాదే అంటే న్యాయం కాదు. పూల మీద కొట్టింది నేనే. ఫెలనాప్సిస్ రేకు మీద నూనె పడితే ఆ చోటు నీళ్ళు నిండిన పొక్కులా అద్దంలా అయిపోతుంది, ఇక మామూలు రంగుకి రాదు. తెల్లదాని పూలన్నీ అలా మచ్చలు పడి వారంలో రాలిపోయాయి. రెండోది ఇంకా పెద్ద తప్పు. ఫెలనాప్సిస్‌కి ఆకులన్నీ మధ్యలో ఒకే చోట గిన్నెలా కలుస్తాయి, కొత్త ఆకు వచ్చేది ఆ గిన్నెలోంచే. అందులో తడి నిలిస్తే నడినెత్తి కుళ్ళిపోతుంది. నేను సగం సీసా కొట్టిన రోజు రాత్రి ఆ గిన్నెల్లో తుడవలేదు. అందరికంటే పాతదైన గులాబీ రంగుది పది రోజుల తర్వాత నడిమి ఆకు లాగితే చేతికి వచ్చేసింది, మొదట్లో నల్లగా, వాసనేస్తూ. ఆ మొక్క పోయింది. పిండినల్లి దాన్ని తాకను కూడా లేదు, నేను చంపా. ఏ స్ప్రే కొట్టినా సరే, తర్వాత ఒక టిష్యూ కాగితాన్ని కోసుగా చుట్టి ఆ గిన్నెలో పెట్టి తడి పీల్చేయండి. ఎండ పడే వేళ కొట్టొద్దు, నూనె రాసిన ఆకు ఎండకి మాడిపోతుంది.

ఇక ఐదు స్టార్ల సంగతికి వస్తా. ఇయర్ బడ్, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంజెక్షన్ చేసేముందు చేతికి రాసే స్పిరిట్ లాంటిదే. 99 శాతం ఉన్నది ఇంకా గట్టిగా పనిచేస్తుందనుకుని కొనకండి, అది క్షణంలో ఆవిరైపోతుంది. 70లో నీళ్ళు ఉంటాయి కాబట్టి కాసేపు తడిగా నిలిచి, మైనం కరిగి, లోపలిదాకా దిగే టైమ్ ఉంటుంది. ముందు ఒక ఆకు మూల రాసి రెండ్రోజులు చూశా, ఏమీ కాలేదు, అప్పుడు మొదలుపెట్టా. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని.

తడిపిన బడ్‌ని పిండినల్లికి తాకిస్తే చూడాలి. ఆ తెల్లటి పిండంతా ఒక్క క్షణంలో మాయమైపోతుంది, కింద అసలు పురుగు బయటపడుతుంది, నారింజరంగులో, నగ్నంగా, ముడతలు ముడతలుగా. ఇన్నాళ్ళూ నన్ను భయపెట్టింది ఇదా అనిపిస్తుంది. బడ్ కొనకి అతుక్కుని వచ్చేస్తుంది. మొదటి రోజు రెండు గంటలు కూర్చున్నా, నలభై బడ్లయ్యాయి. వాడిన బడ్‌ని మళ్ళీ సీసాలో ముంచకండి, మూతలో కొంచెం పోసుకుని వాడండి.

పని కష్టమా అంటే కష్టమే, మెడ పట్టేస్తుంది. కానీ స్ప్రే చేయలేని పని ఇదొకటి చేయిస్తుంది, మొక్కని అంగుళం అంగుళం చూసేలా చేస్తుంది. అలా చూస్తేనే నాకు వాటి ఇళ్ళు తెలిశాయి. పూల కాడ మీద గణుపు గణుపుకీ ఎండిపోయిన పొరలాంటిది అతుక్కుని ఉంటుంది, గమనించారా? అది కింద ఉన్న మొగ్గని కప్పే పొర. దాన్ని సూదితో నెమ్మదిగా లేపితే, కింద కాపురం! తల్లీ పిల్లలూ దూది సంచీ అన్నీ ఒకే చోట. నేను సగం సీసా కొట్టినా ఆ పొర కిందకి ఒక్క చుక్క దిగలేదు. ఆకు కాండాన్ని చుట్టుకునే సందు ఇంకొకటి, బడ్ కూడా దూరదు, చిన్న పెయింట్ బ్రష్ కావాలి. కుండీ అంచు లోపలి వైపు, కుండీ కింది రంధ్రాలు, ఆఖరికి మొక్క పేరు రాసిన ప్లాస్టిక్ చీటీ వెనక కూడా రెండు దొరికాయి. పూలు రాలిపోయిన కాడల్ని మొదలంటా కోసి కవర్లో కట్టి పారేశా. బాధేసింది గానీ సగం కాపురాలు వాటితోనే పోయాయి.

మూడు వారాలకి ఆకుల మీద దాదాపు శుభ్రం. అయినా వారానికి రెండో మూడో కొత్తవి, ఎప్పుడూ కింది ఆకుల మొదట్లోనే. ఎక్కడ్నుంచో పైకి వస్తున్నాయి. కుండీలోంచి తీసి చూస్తే, మట్టికి బదులు వేసే బెరడు ముక్కల మధ్య, వేర్ల మీద తెల్లటి బూజులా. కొన్ని బూజే, కొన్ని కదిలాయి. వేర్లలో చేరినవాటికి ఏ స్ప్రే పనికిరాదు. పాత బెరడంతా పారేసి, వేర్లని గోరువెచ్చటి నీళ్ళ ధార కింద కడిగి, మెత్తగా బోలుగా అయిపోయిన వేర్లు కత్తిరించి, కుండీని సబ్బుతో తోమి, కొత్త బెరడులో నాటా. ఆల్కహాల్‌ని మాత్రం వేర్ల మీద పోయకండి. ఆర్కిడ్ వేరుకి స్పాంజిలాంటి తెల్లటి పై పొర ఉంటుంది, నీళ్ళు తగిలితే పచ్చబడేది అదే, ఏది పోసినా పీల్చేసుకుంటుంది. నాకు తెలిసి ఈ మొత్తం యుద్ధంలో అసలైన మలుపు ఇదే, కొత్త బెరడు. ఎలాగూ ఏడాదికో రెండేళ్ళకో మార్చాల్సిందే కదా.

డెండ్రోబియం సంగతి వేరే. దాని కాండాల మీద కూడా తెల్లటి దూదిలాంటివి ఉంటే పిండినల్లే అనుకుని ఒకటే స్ప్రే. ఎంతకీ పోవు. భూతద్దం పెట్టి చూస్తే ఆ దూది పక్కనే గుండ్రటి లేత గోధుమరంగు చిప్పలు, గుండుసూది తలకంటే చిన్నవి, ఆకుకి అతికించినట్టు. పొలుసు పురుగు. ఆర్కిడ్లు పెంచేవాళ్ళు బోయిస్‌డువాల్ స్కేల్ అని తలపట్టుకునేది దీన్నే. ఇందులో ఆడవి గుండ్రటి చిప్ప కింద కదలకుండా ఉంటాయి, మగవి గుంపుగా చేరి తెల్లటి దూదిలా కనపడతాయి, అందుకే చాలామంది నాలాగే పొరబడతారు. తేడా తెలిసే దారి ఒకటుంది. పిండినల్లి ఉన్న మొక్క కింద జిగురు పడుతుంది, ఆకులు చేతికి అంటుకుంటాయి, దాని మీద మసిలాంటి బూజు పెరుగుతుంది, చీమలు కూడా లైను కడతాయి. ఈ గట్టి చిప్ప పురుగులు జిగురు వదలవు. నా డెండ్రోబియం ఆకులు పొడిగా ఉన్నాయి, నేను పట్టించుకోలేదు.

వీటికి మెత్తటి టూత్‌బ్రష్, సబ్బు ద్రావణం. చిప్పని ముందు బ్రష్‌తో కదిలించి ఊడగొట్టాలి, అప్పుడే మందు తగులుతుంది. చిరాకు ఏంటంటే, చచ్చాక కూడా చిప్ప అక్కడే ఉంటుంది, చచ్చిందో లేదో తెలియదు. గోటితో గీకి చూడండి, పొట్టులా పొడిగా రాలితే చచ్చింది, గోటికి తడి అంటితే ఇంకా బతికున్నట్టే.

సబ్బు ద్రావణం గురించి కూడా రాయాలి, ఎందుకంటే అదీ కొన్నా, దానికి నాలుగు స్టార్లు. పురుగుల కోసమే తయారుచేసిన సబ్బు, కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణం అని రాసుంటుంది. వాసన లేదు, గిన్నెలో తడి నిలవకుండా చూసుకుంటే ఆకుకి హాని చేయలేదు, ఆరిపోయాక దాని ప్రభావం ఏమీ మిగలదు. అది మంచిదీ చెడ్డదీ కూడా, ఎందుకంటే రేపు పుట్టే పిల్లని ఇవాళ్టి సబ్బు ఏమీ చేయదు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళలో కలిపితే విరిగిపోతుందని కంపెనీవాడు ఎక్కడా రాయలేదు. మా కుళాయి నీళ్ళలో కలిపితే పైన తెల్లటి తెట్టు కట్టింది, పనీ చేయలేదు. ఫిల్టర్ నీళ్ళతో కలిపితే సరిపోయింది. దానికి బదులు గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చుగా అని మా అక్క అంది. వద్దక్కా, అది జిడ్డు వదలగొట్టడానికే పుట్టింది, ఆకు మీదున్న సహజమైన మైనపు పొరని కూడా వదలగొట్టేస్తుంది.

మధ్యలో ఒక రోజు ఉత్తుత్తి భయం కూడా అయింది. కొత్త పూల కాడ మీద మొగ్గల మొదట్లో తేనెలాంటి చుక్కలు, పట్టుకుంటే జిగురు. అయిపోయింది, మళ్ళీ మొదలైంది అనుకుని రాత్రి పదకొండింటికి బడ్లు తీసుకుని కూర్చున్నా. గంట వెతికినా ఒక్క పురుగు లేదు. తీరా చూస్తే ఆర్కిడ్లు వాటంతట అవే అలా తియ్యటి చుక్కలు వదులుతాయట, పూల కాడ మీదా, కొన్నిసార్లు ఆకుల అడుగునా. చుక్క స్వచ్ఛంగా, గుండ్రంగా, అక్కడక్కడ మాత్రమే ఉండి, చుట్టుపక్కల పురుగు లేకపోతే అది మొక్కదే, హాయిగా పడుకోండి. ఆకంతా పల్చగా జిగురు పూసినట్టుంటే మాత్రం దాని పై ఆకు అడుగున వెతకండి.

వేర్ల ద్వారా మొక్క ఒంట్లోకి ఎక్కే గుళికలు ఎందుకు వాడలేదని అడుగుతారు, ఆ సలహా నాకూ చాలామంది ఇచ్చారు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఉన్నవి. పిండినల్లి మీద పనిచేస్తాయి, కాదనను. కానీ గుళికలు మట్టి కోసం చేసినవి, బెరడు ముక్కల సందుల్లోంచి జారి కుండీ కింద పళ్ళెంలో పడతాయి. గట్టి చిప్ప పురుగుల మీద అంత బాగా పనిచేయవు. ఎర్రనల్లి మీద అసలు పనిచేయవు, అది పురుగు కాదు, ఎనిమిది కాళ్ళది, సాలీడు బంధువు. పైగా ఈ మందు వాడాక ఎర్రనల్లి పెరగడం కూడా జరుగుతుంది. ఇంకోటి, నా మొక్కలు వాతావరణం బాగున్నప్పుడు బయట ఉంటాయి, ఈ మందు తేనెటీగలకి చెరుపు చేస్తుందనే యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పంటల మీద దీన్ని ఆపేసింది. ముప్ఫై నలభై ఆర్కిడ్లు ఉన్నవాళ్ళు బడ్‌తో తుడుస్తూ కూర్చోలేరు, వాళ్ళ అవసరం వేరు. నాలుగు కుండీలకి నాకు అవసరం అనిపించలేదు. పిల్లి ఉన్న ఇంట్లో అయితే పెర్మెత్రిన్ అన్న పేరున్న ఏ స్ప్రే అయినా అల్మారాలోకి కూడా రానివ్వకండి, పిల్లులకి అది విషం.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పసుపు జిగురు కార్డులు: కుండీ చుట్టూ ఎగిరే చిన్న నల్ల దోమల్లాంటివాటికి బాగున్నాయి, పిండినల్లికి దండగ, ఎందుకంటే ఆడవాటికి రెక్కలే ఉండవు. రెక్కలుండే మగవాటికేమో నోరే ఉండదు, ఒకట్రెండు రోజులు బతికి పోతాయి. ఆ దోమలు కనపడుతున్నాయంటే బెరడు కుళ్ళి నీళ్ళు నిలుస్తున్నాయని అర్థం, కార్డు కంటే ముందు బెరడు మార్చండి. దాల్చినచెక్క పొడి: పురుగులకి కాదు, కోసిన చోట బూజు రాకుండా వాడతారు, వేర్ల మీద చల్లితే వేర్లు ఎండిపోతాయి. డయాటమ్ మట్టి (పురుగుల మీద చల్లే మెత్తటి పొడి): తడిస్తే పనిచేయదు, ఆర్కిడ్ కుండీ ఎప్పుడూ తడే, ఆ దుమ్ము మన ఊపిరితిత్తులకి కూడా మంచిది కాదు.

పిండినల్లిని తినే ఒక చిన్న పెంకుపురుగు కూడా ఉంది, క్రిప్టోలీమస్. 1891లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకి తెప్పించి పండ్ల తోటల్లో వదిలారు, ఇప్పటికీ పెంచి అమ్ముతారు. నేను కొనలేదు, ఇంట్లో వదిలితే కిటికీ అద్దం దగ్గరకి ఎగిరిపోతాయి. కానీ దాని పిల్ల పురుగు ఫోటో చూసి నవ్వొచ్చింది, అచ్చం పెద్ద సైజు పిండినల్లిలాగే తెల్లటి కుచ్చులతో ఉంటుంది. నాలాంటిది ఇంట్లో పెట్టుకుంటే ముందు దాన్నే ఆల్కహాల్‌తో తుడిచేస్తుంది.

మరి ఆ రెండో స్టార్ దేనికంటారా. నాలుగో నెలలో డెండ్రోబియం కొత్త చిగురు మీద పేనుబంక వచ్చింది. పచ్చగా, మెత్తగా, గుంపుగా. ముందు నీళ్ళతో కడిగి, మిగిలినవాటి మీద ఈ స్ప్రే ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొడితే మళ్ళీ కనపడలేదు. మైనం కవచం లేని మెత్తటి పురుగుకి, కంటికి ఎదురుగా ఉన్నదానికి ఈ సీసా చాలు. సందుల్లో దాక్కునేదానికి, దూదిలో గుడ్లు పెట్టేదానికి చాలదు. ఆ మాట లేబుల్ మీద రాసుంటే మూడు స్టార్లు ఇచ్చేదాన్ని.

ఇప్పుడు ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆదివారాలకి సున్నా చుట్టి పెట్టుకున్నా. ఆ రోజు కుండీ కుండీ తీసి, ఆకు ఆకు తిప్పి చూస్తా, పది నిమిషాలు. ఏడు ఆదివారాలుగా ఒక్కటీ దొరకలేదు. మొన్న ఆదివారం తెల్లదానికి కొత్త పూల కాడ బొటనవేలంత వచ్చింది, దాని మొదట్లో తెల్లగా ఏదో మెరిసింది. గుండె జారిపోయింది. టార్చ్ వేసి, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి చూశా. దూది పోగు. నా ఇయర్ బడ్‌దే.